రీఫండ్ మెయిల్, కేవైసీ మెయిల్, బిల్లు మెయిల్: దొంగదాన్ని పట్టుకోవడం, నొక్కేశాక సరిచేసుకోవడం

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఇదంతా చదువుతూ కూర్చోకండి. ముందు 1930కి ఫోన్ చేయండి, వెంటనే మీ బ్యాంకుకు చేయండి. తర్వాత కింద "డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది" అన్న భాగం చూడండి.

ఫిషింగ్ అంటే బ్యాంకు పేరుతోనో ప్రభుత్వ శాఖ పేరుతోనో మెయిల్ పంపి, కార్డు నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ మన చేతే రాయించుకోవడం. చాలాసార్లు ఫోన్‌లోకి ఎవరూ చొరబడరు, వివరాలు మనమే నింపుతాం. అందుకే యాంటీవైరస్ ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. నేను హనుమకొండలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. సీజన్‌లో వచ్చే టీచర్లు, ఎంజీఎం ఆసుపత్రి సిబ్బంది, సింగరేణిలో చేసి రిటైరైనవాళ్లు, ఎనుమాముల మార్కెట్ అడ్తి వ్యాపారులు ఇప్పుడు ఫారం 16 (జీతంలో కోసిన పన్ను వివరాల పత్రం) కంటే ముందు ఫోన్ తీసి "సార్, ఇది నిజమేనా?" అని అడుగుతున్నారు. వాళ్లు అడిగినవే ఇక్కడ సమస్యలుగా రాశాను.

అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒకటుంది, ముందే చెప్తాను. మెయిల్‌లో ఉన్న విషయం నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆ మెయిల్ చూపించిన లింకు, అందులోని ఫోన్ నంబరు వాడొద్దు. బ్యాంకు యాప్ తెరవండి, లేదా చిరునామా మీరే టైప్ చేయండి, లేదా కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయండి. మెయిల్ నిజమైనదైతే అదే విషయం అక్కడా కనిపిస్తుంది.

సమస్య: "మీకు రూ.18,460 రీఫండ్ మంజూరైంది, వివరాలు నింపండి" అని మెయిల్ వచ్చింది

ఇలాంటి మెయిల్ మీ రిటర్ను చూసి పంపింది కాదు. ఒకేసారి వేల చిరునామాలకు వెళ్తుంది. రిటర్నులు వేసే నెలల్లో రీఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లు ఎలాగూ కొందరు ఉంటారు, వాళ్లు నమ్మితే చాలు. అంకె కూడా గుండుగుత్తగా 20 వేలు అని ఉండదు. చిల్లరతో సహా వేస్తారు, లెక్క కట్టి వేసిందే అనిపించడానికి.

మా టేబుల్ ముందు కూర్చున్న ఒక టీచరమ్మ ఫోన్‌లో ఇలాంటిదే చూశాను. పైన మూడు సింహాల ముద్ర, కింద నీలం రంగులో "క్లెయిమ్ రీఫండ్" బటన్. దాన్ని నొక్కితే వచ్చిన పేజీలో పాన్, పుట్టిన తేదీ, బ్యాంకు పేరు, 16 అంకెల కార్డు నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, సీవీవీ, చివరన ఏటీఎం పిన్. సీవీవీ దాకా నింపి పిన్ గడి దగ్గర ఆగిపోయింది. "వాళ్లు నాకు డబ్బులు వెయ్యాలె కదా సార్, నా పిన్ వాళ్లకెందుకు?" అంది. సరైన చోట వచ్చిన ప్రశ్న అది. అప్పటికింకా సబ్మిట్ నొక్కలేదు. అయినా పేజీలో నింపుతుండగానే అక్షరాలు అవతలికి చేరే ఏర్పాటు ఉండొచ్చు కాబట్టి, అక్కడే కూర్చోబెట్టి ఆ కార్డు బ్లాక్ చేయించాం.

రీఫండ్ ఎలా వస్తుందో తెలిస్తే ఈ మెయిల్ దానంతటదే తేలిపోతుంది. రిటర్నులను బెంగళూరులోని సీపీసీ, అంటే శాఖ కేంద్ర ప్రాసెసింగ్ సెంటర్, ప్రాసెస్ చేస్తుంది. డబ్బు మీరు పోర్టల్‌లో ముందే నమోదు చేసి, వాలిడేట్ చేయించుకున్న బ్యాంకు ఖాతాకే పడుతుంది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ వాళ్ల దగ్గర అప్పటికే ఉంటాయి. రీఫండ్‌లో డెబిట్ కార్డుకు పనే లేదు. కాబట్టి కార్డు నంబరు, సీవీవీ, పిన్, ఓటీపీ అడిగిన "రీఫండ్" ఏదైనా దొంగదే. ఇందులో మినహాయింపు లేదు.

ఎలా సరిచూసుకోవాలంటే, బ్రౌజర్‌లో ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని స్వయంగా టైప్ చేసి లాగిన్ అవ్వండి. ఈ-ఫైల్ మెనూలో "వ్యూ ఫైల్డ్ రిటర్న్స్" దగ్గర మీ రిటర్ను ఏ దశలో ఉందో, రీఫండ్ ఇచ్చారో లేదో ఉంటుంది. ఖాతా తప్పుపడి రీఫండ్ నిజంగానే ఆగిపోయి ఉంటే "రీఫండ్ రీఇష్యూ" కోరే ఏర్పాటు కూడా పోర్టల్‌లోనే ఉంది. మెయిల్ నుంచి చేయాల్సింది ఏమీ లేదు.

ఇదే శాఖ పేరుతో నోటీసు వచ్చిందని భయపడేవాళ్లూ ఎక్కువే. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే నోటీసుల మీద, ఉత్తర్వుల మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ అవసరం లేకుండా, "ఆథెంటికేట్ నోటీస్ ఆర్డర్" అనే చోట ఆ నంబరు కొడితే అది శాఖ ఇచ్చిందో కాదో చెప్తుంది. రిటర్ను లెక్క తేలాక సీపీసీ నుంచి వచ్చే అసలు ఇంటిమేషన్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది: చిన్న అక్షరాల్లో పాన్, దానికి కలిపి పుట్టిన తేదీ. ఫైలు తెరుచుకోవడానికి అది మీరు మీ ఫోన్‌లో కొట్టుకునేది, ఎవరికీ పంపేది కాదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పాన్ 2.0 ప్రాజెక్టుకు ఆమోదం తెలిపాక "కొత్త ఈ-పాన్ డౌన్‌లోడ్ చేసుకోండి" అనే మెయిళ్లు కూడా మొదలయ్యాయి. అవి నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీకి చెందిన ఫ్యాక్ట్ చెక్ విభాగం హెచ్చరించింది. పాత పాన్ కార్డు చెల్లుతుంది, కొత్తదాని కోసం కంగారు అక్కర్లేదు.

సమస్య: పంపినవారి పేరు సరిగ్గానే ఉంది, అయినా అనుమానంగా ఉంది

పంపినవారి పేరు దగ్గర ఎవరు ఏమైనా రాసుకోవచ్చు, పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ రాసినట్టే. ఫోన్‌లో జీమెయిల్ పైపైన ఆ పేరే చూపిస్తుంది. అసలు చిరునామా చూడాలంటే పేరు కింద "టు మీ" అన్న చోట చిన్న బాణం నొక్కండి. అట్ గుర్తు తర్వాత ఏముందో చదవండి. ఆదాయపు పన్ను శాఖ అని చెప్పుకుని ఉచిత జీమెయిల్ ఖాతా నుంచో, ఎప్పుడూ వినని కంపెనీ పేరు నుంచో వస్తే అక్కడితో ఆపేయొచ్చు.

లింకు విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి. దాన్ని నొక్కకుండా వేలు అలాగే పట్టి ఉంచితే అసలు చిరునామా పైకి వస్తుంది. కంప్యూటర్‌లో అయితే మౌస్‌ను దాని మీద ఉంచితే కింది మూలన కనిపిస్తుంది. చదివేటప్పుడు మనమంతా ఎడమ నుంచి మొదలుపెడతాం, మోసం చేసేవాళ్లకు కావాల్సిందీ అదే. బ్యాంకు పేరు ఎడమ పక్కన పెట్టేస్తారు. మీరు మాత్రం మొదట వచ్చే ఒంటి అడ్డగీత, అంటే స్లాష్, ఎక్కడుందో చూసి అక్కడి నుంచి వెనక్కి చదవండి. హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే జంట గీతలు లెక్కలోకి రావు. "ఎస్‌బీఐ డాట్ కేవైసీ-అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్" అని ఉంటే, ఆ సైటు కేవైసీ-అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్ అనే పేరు కొన్నవాడిది. ముందున్న ఎస్‌బీఐ వాడు తగిలించుకున్నదే. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద ఎమ్ లాగా కనిపిస్తుంది, అలాంటివీ ఉంటాయి. కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిన పని ఇది.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య ఒక మంచి గుర్తు వచ్చింది. మన దేశంలోని బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోపు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చిరునామాకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ పేర్లు కేటాయించేది హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వదు. స్టేట్ బ్యాంకుది ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. మీ బ్యాంకు కొత్త చిరునామా తెలుసుకుని బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి. మెయిల్ చిరునామాలు కొన్ని పాతవే ఉండొచ్చు కాబట్టి ఈ గుర్తును వెబ్‌సైటుకే వాడండి.

రెండు పాత గుర్తులను మాత్రం ఇక నమ్మొద్దు. బ్రౌజర్‌లో తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదని అనుకుంటారు. మీకూ ఆ సైటుకూ మధ్య సమాచారం గుట్టుగా వెళ్తోందని మాత్రమే ఆ తాళం అర్థం, అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. ఇంగ్లిష్‌లో తప్పులుంటేనే దొంగ మెయిల్ అన్నది రెండోది. ఇప్పుడు తప్పుల్లేని ఇంగ్లిష్‌లోనే కాదు, చక్కటి తెలుగులో కూడా వస్తున్నాయి.

సమస్య: "ఈ రోజే కేవైసీ చేయకపోతే ఖాతా నిలిపేస్తాం", "రాత్రి 9.30కి కరెంటు కట్"

తొందరపెట్టడమే ఇందులో అసలు ఎత్తు. ఆలోచించే టైమ్ ఇస్తే మనం పక్కింటివాళ్లనో కొడుకునో అడుగుతాం. ఆ టైమ్ ఇవ్వకుండా టెన్షన్ పెట్టడానికే గడువు.

కేవైసీ అప్‌డేట్, అంటే ఖాతాదారు గుర్తింపు, చిరునామా వివరాలను బ్యాంకు మళ్లీ సరిచూసుకోవడం, ఉన్నమాటే. అందుకే ఈ అబద్ధం నమ్మకంగా వినిపిస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రిస్కు ఎక్కువున్న ఖాతాలకు 2 ఏళ్లకు, మధ్యస్థంగా ఉన్నవాటికి 8 ఏళ్లకు, తక్కువున్నవాటికి 10 ఏళ్లకు ఒకసారి చేయాలి. చిరునామాలో, వివరాల్లో మార్పేమీ లేకపోతే "మార్పు లేదు" అని స్వయంగా ప్రకటిస్తే సరిపోతుంది. నమోదైన ఫోన్ నంబరు నుంచి, నెట్ బ్యాంకింగ్‌లో, ఏటీఎంలో, లేదా ఉత్తరం రాసి ఇచ్చి చేయొచ్చు. ఎక్కడా సీవీవీ అక్కర్లేదు. మీకు అనుమానం ఉంటే పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లండి. ఒక పూట పోతుంది, అంతే.

కరెంటు సంగతికొస్తే, మన ఉత్తర తెలంగాణ జిల్లాలకు సరఫరా చేసే టీజీఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హనుమకొండలోనే ఉంది, ఫిర్యాదుల నంబరు 1912. బాకీ ఉందో లేదో సర్వీసు నంబరుతో చూసుకోవచ్చు. ఎవరిదో పది అంకెల సెల్ నంబరు ఇచ్చి "ఈ అధికారికి వెంటనే ఫోన్ చేయండి" అని రాసి ఉంటే చేయకండి. చేశాక వాడు పెట్టించే యాప్ మీ ఫోన్ తెరను వాడికి చూపిస్తుంది.

సమస్య: మెయిల్‌లో లింకు లేదు, ఫైలు ఉంది

లింకులను మెయిల్ కంపెనీలు వడకడుతున్నాయి కాబట్టి ఇప్పుడు అదే లింకును పీడీఎఫ్ లోపల దాస్తున్నారు, లేదా క్యూఆర్ కోడ్‌గా పెడుతున్నారు. క్యూఆర్‌ను స్కాన్ చేసినా లింకు నొక్కినట్టే. డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పని గానీ యూపీఐ పిన్ కొట్టాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు వెళ్తోందని అర్థం.

అన్నిటికంటే ప్రమాదం ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ పెట్టేసే ఫైలు. ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని, పెళ్లి కార్డు అని పేరు ఏదైనా పెడతారు. ఇన్‌స్టాల్ చేసి "ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి" ఇస్తే, మీకు వచ్చే ఓటీపీ మీరు చూసేలోపే అవతలికి వెళ్తుంది. అప్పుడు "నేనెవరికీ ఓటీపీ చెప్పలే" అన్నది నిజమే అయినా డబ్బు పోతుంది. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, మూడు విడతల్లో, నేరుగా ఖాతాలో పడుతుంది. దానికోసం ఎవరో పంపిన ఫైలు పెట్టుకోవాల్సిన అవసరం లేదు. పత్తి అమ్మే రైతులకు సీసీఐ (భారత పత్తి సంస్థ) తెచ్చిన కపాస్ కిసాన్ యాప్ కూడా ప్లే స్టోర్ నుంచే తీసుకోండి, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫైలు నుంచి వద్దు.

ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటే: ఫోన్‌ను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను తీసేయండి. తీసేయనివ్వకపోతే "డివైస్ అడ్మిన్ యాప్స్" అన్న చోట దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించండి. అయినా మొండికేస్తే ఫొటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది. బ్యాంకు యాప్ మళ్లీ పెట్టుకోవడం ఆ తర్వాతే.

సమస్య: తెలిసిన పార్టీ నుంచే మెయిల్, "మా బ్యాంకు ఖాతా మారింది, ఇక ఇందులో వేయండి" అని

ఇది వ్యాపారులకు. రైస్ మిల్లు విడిభాగాలు, విత్తనాలు, పురుగు మందులు బయటి రాష్ట్రాల నుంచి తెప్పించేవాళ్లు దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది వేలల్లో ఉండదు.

అవతలి కంపెనీ మెయిల్ ఖాతాలోకి ఎవరో దూరి, మీ మధ్య నడిచిన ఉత్తరాలన్నీ చదువుతూ కూర్చుంటారు. బిల్లు కట్టే రోజు దగ్గరికి రాగానే అదే బిల్లు, అదే ముద్ర, అదే మొత్తంతో, ఖాతా నంబరు మాత్రం మార్చి పంపుతారు. కొన్నిసార్లు ఒక్క అక్షరం తేడా ఉన్న చిరునామా నుంచి వస్తుంది. కొన్నిసార్లు నిజమైన చిరునామా నుంచే వస్తుంది, అప్పుడు ఎంత తిరగేసి చదివినా తేడా దొరకదు.

కాబట్టి చదివి తేల్చే ప్రయత్నం మానేసి ఫోన్ చేయండి. మెయిల్ కింద ఉన్న నంబరుకు వద్దు, మీరు ముందు నుంచి మాట్లాడుతున్న మనిషి నంబరుకే చేయండి. డబ్బు పంపేటప్పుడు ఖాతాదారు పేరు కూడా చూడండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కొట్టగానే అవతలి పేరు చూపించే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి తేవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అంతకుముందు మనం రాసిన పేరుకు విలువ లేదు, నంబరు ఎవరిదైతే డబ్బు వారికే వెళ్లేది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆపేయండి. గుమాస్తా చేత పేమెంట్లు చేయించే అడ్తి దుకాణాల్లో "ఖాతా మారితే సేటుకు చెప్పకుండా వేయొద్దు" అని ఒక్క నియమం పెట్టుకుంటే చాలా నష్టం తప్పుతుంది.

సమస్య: లింకు నొక్కాను, ఏమీ నింపలేదు

సాధారణంగా ఏమీ పోదు. పేజీ మూసేయండి. డౌన్‌లోడ్స్‌లో కొత్త ఫైలు ఏదైనా దిగిందేమో చూసి, తెరవకుండానే తీసేయండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే చేసేయండి. ఆ రాత్రి నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

సమస్య: మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చేశాను

చాలామంది "మెయిలే కదా, బ్యాంకుది కాదు కదా" అంటారు. నా లెక్కలో కార్డు నంబరు ఇవ్వడం కంటే ఇదే పెద్ద నష్టం. కార్డు బ్లాక్ చేస్తే అయిపోతుంది. మెయిల్‌లో మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16, ఆధార్ కాపీలు, మిగతా సైట్ల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు, అన్నీ అందులోకే వస్తాయి.

నమ్మకమైన వేరే ఫోన్ నుంచి గానీ కంప్యూటర్ నుంచి గానీ పాస్‌వర్డ్ మార్చండి. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి "యువర్ డివైసెస్" చూసి, మీవి కాని వాటిని సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా అని చూడండి. చాలామంది ఇక్కడితో ఆపుతారు, ఇక్కడే దెబ్బ తింటారు. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అన్న రెండు చోట్లా చూడండి. మీ మెయిళ్లన్నీ ఇంకొకరికి కాపీ వెళ్లేలా, బ్యాంకు నుంచి వచ్చేవి మీకు కనిపించకుండా చెత్తబుట్టలోకి పోయేలా అక్కడ పెట్టి వెళ్తారు. పాస్‌వర్డ్ మార్చినా అవి అలాగే ఉంటాయి. వాటిని తీసేశాక టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో ధ్రువీకరణ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చండి.

సమస్య: డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది

గోదావరిఖని నుంచి ఒక పెద్దాయన కొడుకుతో కలిసి వచ్చాడు. లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేయకపోతే పింఛన్ ఆగుతుందని మెయిల్. కార్డు నంబరు కొట్టాడు, ఓటీపీ కొట్టాడు, మూడుసార్లు డబ్బు కట్ అయింది. కొడుకు నా ముందే అడిగాడు.

"బాపూ, ఈ మెసేజ్ ఎప్పుడొచ్చింది?"

"మొన్న పొద్దుగాల."

"మరి మొన్ననే ఎందుకు చెప్పలే?"

"నువ్వు తిడ్తవని."

కొడుకు ఇంకేం అనలేదు, మంచిపని చేశాడు. ఇళ్లలో పెద్దవాళ్లు దాచేది డబ్బు పోయిందని కాదు, మాట పడాల్సి వస్తుందని. అలా దాచిన గంటల్లోనే డబ్బు చేయి దాటిపోతుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఇలా చెప్తే "ఎందుకు నొక్కినవ్" అని అడగకండి. "ఎన్ని గంటలకు, ఎంత, ఏ బ్యాంకు" అని అడిగి ఫోన్ అందుకోండి.

1930 అన్నది దేశమంతటికీ ఒకే నంబరు. 2021లో మొదలైన ఏర్పాటు ఇది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో దీన్ని చూస్తుంది. మీ ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఆ ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నంత మేర హోల్డ్‌లో పెడతారు. అక్కడి నుంచి వేరే ఖాతాకు వెళ్లి ఉంటే దాని వెంట వెళ్తారు. మోసం చేసేవాళ్లు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తిప్పుతూ చివరికి ఏటీఎంలో తీసేస్తారు. మీ ఫోన్ కాల్‌కు, వాళ్ల తిప్పుడుకు మధ్య పందెం అది.

చేతిలో ఇవి పెట్టుకోండి: ఖాతా నంబరు లేదా కార్డు నంబరు, కట్ అయిన మెసేజ్‌లో ఉన్న ట్రాన్సాక్షన్ నంబరు, తేదీ, టైమ్, మొత్తం. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్, అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబరు. ఫిర్యాదు తీసుకున్నాక రసీదు నంబరు మెసేజ్‌గా వస్తుంది. దానితో సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో 24 గంటల్లో పూర్తి వివరాలు నింపాలి. లైన్ దొరకకపోతే ఆగకండి, నేరుగా ఆ వెబ్‌సైటులోనే ఫిర్యాదు పెట్టండి, లేదా దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లండి. మెయిల్‌ను, మెసేజ్‌లను కోపంతో డిలీట్ చేయకండి, సాక్ష్యం అవే.

బ్యాంకుకు చెప్పేటప్పుడు ఫిర్యాదు నంబరు, టైమ్ తప్పకుండా తీసుకోండి. అది ఎందుకు ముఖ్యమంటే, 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్, ఓటీపీ లాంటివి ఇవ్వడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు చెప్పే దాకా పోయింది ఖాతాదారు భరించాలి. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. తప్పు ఖాతాదారుది కాక, బ్యాంకుదీ కాక, మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెప్తే కొంత పరిమితి దాకా భరించాలి. అందుకే "తప్పు నాదే, ఇంకేం చేస్తాం" అని మీ అంతట మీరే తీర్పు చెప్పుకోకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దాని సహాయ నంబరు 14448.

హోల్డ్‌లో పడిన డబ్బు చేతికి రావడానికి కొంత కాలం పడుతుంది. మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు కాబట్టి, కేసు చూస్తున్న సైబర్ పోలీసులను దాని గురించి అడగండి. ఈలోపు "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే కట్టకండి. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఇలాంటివాళ్ల చేతుల్లో తిరుగుతుంటాయి.

లైఫ్ సర్టిఫికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ప్రతి నవంబరులో ఇదే గొడవ కాబట్టి. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌ను బ్యాంకులో గానీ, మీసేవ లాంటి కేంద్రంలో గానీ, ఇంట్లో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి గానీ ఇవ్వొచ్చు. ఏ దారిలోనూ కార్డు నంబరు అడగరు.

సమస్య: డబ్బు పోలేదు, కానీ పాన్, ఆధార్ కాపీలు పంపేశాను

వెంటనే కనిపించే నష్టం ఉండదు. నెలల తర్వాత మీ పేరు మీద తీసుకోని లోను బయటపడొచ్చు. ఎవరి పేరు మీద ఏ లోన్లున్నాయో నమోదు చేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కన్నేసి ఉంచినట్టే. మీది కాని లోను కనిపిస్తే ఆ సంస్థకూ, లోను ఇచ్చిన కంపెనీకీ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కాని వాటిని రిపోర్ట్ చేయండి.

దొంగ మెయిల్‌ను ఏం చేయాలి

జీమెయిల్‌లో కుడి పక్క మూడు చుక్కలు నొక్కితే కంప్యూటర్‌లో "రిపోర్ట్ ఫిషింగ్", ఫోన్‌లో "రిపోర్ట్ స్పామ్" ఉంటాయి. డబ్బు పోకపోయినా ఆ పని చేయండి, ఇంకొకరి ఇన్‌బాక్స్‌కు చేరకుండా కొంత ఆగుతుంది. అలాంటి మోసపు కాల్ గానీ మెసేజ్ గానీ వస్తే ఆ నంబరును సంచార్ సాథీలో చక్షు అనే చోట ఇవ్వొచ్చు. జవాబు మాత్రం రాయకండి, తిట్టడానికైనా సరే. మీ చిరునామా పనిచేస్తోందని వాళ్లకు తెలుస్తుంది.

అమ్మానాన్నల ఫోన్లు చేతికొచ్చినప్పుడు కొన్ని ఏర్పాట్లు చేసిపెట్టండి. పింఛన్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న ఖాతాకు యూపీఐ లేకుండా ఉంచండి. కిరాణా, రీచార్జిలకు వేరే చిన్న ఖాతా తెరిచి, అందులో నెలకు సరిపడా వేయండి. 2020 అక్టోబరు నుంచి ప్రతి కార్డుకూ ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం విడివిడిగా ఆపుకునే, రోజు పరిమితి తగ్గించుకునే వీలు బ్యాంకు యాప్‌లోనే ఉంది. విదేశీ వాడకం ఆపేయండి, ఆన్‌లైన్‌ది కూడా కొనే రోజున తెరిచి, కొన్నాక మూసేయండి. డెబిట్ మెసేజ్‌లు వచ్చే నంబరు వాళ్ల చేతిలో ఉన్న ఫోన్‌దేనా, ఎప్పుడో పారేసిన పాత సిమ్‌దా అన్నది బ్యాంకులో ఒకసారి అడిగి చూడండి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో పాత నంబరే ఉండిపోయినవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు.